సరస్సు ఒడ్డున, అడవి నీడలో తేలికపాటి నడక

కొత్తగా నడక మొదలుపెట్టేవారు దారిని ఎంచుకునేటప్పుడు దూరాన్నే చూస్తారు గాని, అలసటను నిర్ణయించేవి చాలావరకు ఎత్తుపల్లాలే. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క నేటికీ పనికివస్తుంది: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఇందులో విశ్రాంతి కలవదు కనుక, పిల్లలో పెద్దవారో వెంట ఉంటే ఆ సమయానికి సగం అదనంగా కలుపుకోవాలి.

సరస్సును చుట్టివచ్చే దారి తొలి నడకకు అన్నిటికన్నా అనువైనదని నా అభిప్రాయం; నీరు ఎప్పుడూ ఒకే పక్కన ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం తక్కువ. అయితే వాన వెలిసిన మర్నాడు ఒడ్డున నేల ఎండినట్లు కనిపించినా, అడుగు వేయగానే మడమ చుట్టూ నీరు ఊరుతుంది. అటువంటి చోట పక్కకు తప్పుకొని మొక్కలను తొక్కడం కన్నా, పట్టున్న బూట్లతో బురదలోనుంచే నెమ్మదిగా సాగడం మేలు, ఎందుకంటే తప్పుకున్న ప్రతి అడుగూ దారిని వెడల్పు చేసి పచ్చదనాన్ని చంపుతుంది. నీటిపై పచ్చని తెట్టు కట్టి ఉంటే అది విషపూరితమైన నాచు కావచ్చు. చేయి పెట్టకూడదు, కుక్కలను తాగనివ్వకూడదు.

అడవిలో వెలుతురు బయటికన్నా ముందే తగ్గుతుంది, కాబట్టి సూర్యాస్తమయానికి గంట ముందే చెట్లు దాటాలి. తడిసిన వేర్లు బాగా జారతాయి; పాదాన్ని వేరుమీద కాక దాని అవతలి మట్టిలో ఆనించాలి. ఇల్లు చేరాక మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ పిడుదులున్నాయేమో చూసుకోవాలి. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి.