నీటి ఒత్తిడి తగ్గించే వాల్వు: ఎంపిక, అమరిక, నిర్వహణ

వాల్వు కన్నా ముందు ఒక ప్రెషర్ గేజ్ కొనాలి. కుళాయిలన్నీ కట్టేసినప్పుడు అది చూపే అంకెను, రెండు కుళాయిలు తెరిచినప్పుడు చూపే అంకెను రాసుకోవాలి. గొట్టాల అతుకులనూ గీజరునూ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది నీళ్ళు కదలనప్పటి ఒత్తిడే.

తిరుపతిలో ఐదంతస్తుల లాడ్జి మిద్దె మీద ట్యాంకు ఉంటే, దానికీ కింది అంతస్తు కుళాయికీ మధ్య ఎత్తు 15 నుంచి 18 మీటర్లు. 10 మీటర్ల నీటిమట్టం సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కాబట్టి, అక్కడ ఒత్తిడి రెండు బార్ దాటదు. అంతమాత్రానికి ఈ వాల్వు అనవసరం. పదిహేను అంతస్తుల భవనంలో కింది అంతస్తులకు, పై గదుల షవర్ల కోసం ప్రెషర్ పంపు పెట్టిన చోట దిగువ గదులకు దీని అవసరం పడుతుంది. పంపు ఉన్నవారు మొదట దాని ప్రెషర్ స్విచ్‌ను (ఏ ఒత్తిడి దగ్గర పంపు ఆగాలో నిర్ణయించేది) తగ్గించి చూడాలి. కరెంటు ఖర్చుపెట్టి పెంచిన ఒత్తిడిని మళ్ళీ డబ్బు పెట్టి తగ్గించుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

పైపు సైజును బట్టి కాక, ఒకేసారి వాడే నీటి పరిమాణాన్ని బట్టి వాల్వు సైజు నిర్ణయించాలి. అవసరానికి మించి పెద్దది పెడితే అది ఎప్పుడూ సన్నని సందుతోనే పనిచేసి, అదురుతూ చప్పుడు చేస్తుంది, సీటు (వాల్వు మూసుకున్నప్పుడు దాని బిళ్ళ ఆనే అంచు) త్వరగా అరిగిపోతుంది. లోపలికి వచ్చే ఒత్తిడి బయటికి కావలసిన దానికి మూడు రెట్లు దాటితే, ఒకే వాల్వుతో కాకుండా వరుసగా రెండింటితో తగ్గించడం మంచిది.

బిగించే ముందు పైపులో నీళ్ళు ధారగా వదిలి ఇసుకను, పైపు కోసిన పొట్టును, టెఫ్లాన్ టేపు ముక్కలను బయటికి పంపాలి. కొత్త వాల్వు మొదటి వారంలోనే మొరాయించడానికి తరచుగా ఇవే కారణం. వాల్వుకు ముందు వై స్ట్రెయినరు (చెత్తను పట్టే జల్లెడ), ఇరువైపులా బాల్ వాల్వులు, గేజులు ఉండాలి. వాల్వు ఒంటి మీది బాణం గుర్తు నీరు పారే దిశనే చూపాలి. తర్వాత ఒత్తిడిని సర్దే స్క్రూ వదులు చేసి, నీరు వచ్చే వైపు బాల్ వాల్వును నెమ్మదిగా తెరిచి, ఒక కుళాయి పారుతుండగా స్క్రూను సవ్యదిశలో కొంచెం కొంచెంగా తిప్పాలి. కుళాయి కట్టేశాక అంకె కాస్త పెరుగుతుంది. ఇళ్ళకు ఆ పెరిగిన అంకె రెండు, మూడు బార్ మధ్య ఉంటే చాలు. చాలా రకాల వాల్వులు నీటిని వెనక్కి పోనివ్వవు కనుక, గీజరులో వేడెక్కి వ్యాకోచించే నీటికి దారి ఉండదు. అందువల్ల గీజరు సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో తప్పక చూసుకోవాలి.

బోరు నీళ్ళ కాఠిన్యం ఎక్కువగా ఉన్న ఇళ్ళలో సీటు మీద సున్నం పేరుకుంటుంది. స్ట్రెయినరును మొదటి నెలలోనే విప్పి చూసి, అందులో చేరిన మడ్డిని బట్టి తర్వాతి గడువు పెట్టుకోవాలి. ఆరు నెలలకోసారి గీజరు ఆపి, కుళాయిలన్నీ కట్టి, అరగంట పాటు బయటివైపు గేజ్ చూడాలి. ముల్లు మెల్లగా పైకి పాకి లోపలికి వచ్చే ఒత్తిడికి చేరువైతే సీటులో మురికి చేరిందని, లేదా అది అరిగిందని అర్థం. విప్పాలంటే రెండు వైపులా నీళ్ళు కట్టి, కుళాయి తెరిచి ఒత్తిడి వదిలి, స్క్రూను పూర్తిగా వదులు చేశాకే మూత తీయాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి ముఖానికి తగలవచ్చు. లోహపు భాగాలను కాసేపు వెనిగర్‌లో నానబెట్టి తోమవచ్చు. రబ్బరు భాగాలు అరిగితే మార్చడమే మేలు.

స్ప్రింగు మూతకున్న చిన్న రంధ్రం నుంచి నీళ్ళు కారితే డయాఫ్రం (స్ప్రింగుకూ నీటికీ మధ్య ఉండే పలుచని పొర) చిరిగినట్టే. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేస్తే కారడం ఆగుతుంది గానీ, డయాఫ్రంకు రెండువైపులా ఒత్తిడి సమానమై, స్ప్రింగు వాల్వును తెరిచే ఉంచుతుంది. పంపు ఒత్తిడి మొత్తం నేరుగా కుళాయిలకు చేరుతుంది.