పాత రాకెట్ పోస్టర్‌కు నకలు – 3వ పాఠం: రంగులు విడగొట్టడం

పోయిన పాఠంలో స్క్రీన్ ప్రింటింగ్ (కాగితంలో కోసిన ఖాళీల్లోంచి, గుడ్డ గుండా ఇంకు దించే అచ్చు) కోసం ఫ్రేముకు గుడ్డ బిగించాం, పోస్టర్ బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీదకు గీతలుగా దించుకున్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈరోజు ఇంకు డబ్బా మూత తీసే పని లేదు. అంతా పెన్సిలు, బ్లేడు పనే.

మనం నకలు తీస్తున్న సోవియట్ కాలపు పోస్టర్ కూడా అసలుది కాదు. తిరుపతి గాంధీరోడ్డులో పటాలకు ఫ్రేములు కట్టే అంగట్లో, వెంకటేశ్వరస్వామి పటాల వెనకాల దొరికింది నాకు. ముదురు నీలం ఆకాశం, దాన్ని చీల్చుకుపోతున్న ఎర్ర రాకెట్, తోక కింద మంట, పక్కన సోవియట్ వాళ్ల తొలి ఉపగ్రహం స్పుత్నిక్, అడుగున పచ్చటి నేలతో భూమి వంపు. భూతద్దం పెట్టి చూడండి. ఎర్ర రాకెట్ మీద ఎరుపు కనబడదు. గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు, అక్కడక్కడా నల్ల చుక్కలు పక్కపక్కన ఉంటాయి. ఫోటో తీసి రంగు చుక్కలుగా వేసే ఆఫ్‌సెట్ అచ్చు అంటే అంతే. ఆ కాలంలో రాయి మీదో రేకు మీదో చేత్తో గీసి అచ్చు వేసిన పోస్టర్‌లో ఎరుపు అంటే ఒకే ఎర్ర ఇంకు. పోస్టర్ పాతదిగా కనిపించేది ఆ కొద్దిపాటి రంగుల వల్లే. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి పాతదనం తెస్తామనే వాళ్లున్నారు, నాకు ఆ పని నచ్చదు. ఎవరినో మోసం చేయడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. మనది నకలు. అడుగున ఒక మూల ‘నకలు’ అని, ఈ ఏటి సంవత్సరం వేసి పెట్టండి.

మనకు మూడు ఇంకులు చాలు: పసుపు, ఎరుపు, నీలం. నాలుగోది కాగితం తెలుపు, అది ఉచితం. ఇంకులు పలుచగా, కింది రంగు కనబడేలా ఉండాలి. పసుపు మీద ఎరుపు పడితే నారింజ, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. శ్రీకాళహస్తిలో కలంకారీ చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. వాళ్లూ నీలి, పసుపు ఒకదాని మీద ఒకటి వేసే ఆకుపచ్చ తెస్తారు. ఒక్కటే తేడా: పాత ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన కసింతో నల్ల గీతలు ముందే గీసేస్తారు వాళ్లు. మనం లేత రంగుతో మొదలుపెట్టి ముదురుతో ముగిస్తాం.

ఇప్పుడు మూడు ట్రేసింగ్ కాగితాలు తీసుకుని ఒక్కో రంగుకు ఒక్కోటి కేటాయించండి. నాలుగు మూలలా ప్లస్ గుర్తు పెట్టండి, మూడింటిలోనూ ఒకే చోట. పసుపు కాగితంలో మంట, భూమి మీద నేల. ఎరుపు కాగితంలో రాకెట్ ఒళ్లు, మంట అంచులు. నీలం కాగితంలో ఆకాశం, సముద్రం, మళ్లీ నేల. ఇంకు పడాల్సిన చోటునే పెన్సిలుతో నింపండి, తర్వాత కోసేది దాన్నే. రాకెట్‌ను నీలంలోకి ఒక మిల్లీమీటరు పొడిగించండి, మంట పైఅంచును ఎరుపు కిందకు అంతే జరపండి.

ఆ ఒక్క మిల్లీమీటరు ఎందుకో నాకు కార్తీక మాసం ముసురులో తెలిసింది. పసుపు, ఎరుపు ఒకరోజు వేసి, కాగితాలు కిటికీ పక్కన ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత నీలం వేశాను. కాగితం తేమ పీల్చి సాగింది. ఇరవై పోస్టర్లలోనూ రాకెట్ పక్కన సన్నటి తెల్ల చీలిక. గుర్తులు గీసిన పెన్సిలునూ బ్లేడునూ తిట్టుకున్నాను, తప్పు వానది. అప్పటి నుంచి కాగితాలను ముందురోజే అచ్చు వేసే గదిలో పరిచి ఉంచుతున్నాను, మూడు రంగులూ ఒకే రోజు ముగిస్తున్నాను.

ఇక బొమ్మ సంగతి. మొన్న ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు రాకెట్‌ను ‘సరిచేసి’ తెచ్చాడు. చుట్టూ నాలుగు బూస్టర్లు (పైకి లేవడానికి తోడ్పడే పక్క రాకెట్లు) తగిలించాడు. వాడి తప్పేం లేదు. శ్రీహరికోట ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను తిరుమల తీసుకెళ్లే ఫోటోలు పేపర్లలో చూస్తూ పెరిగిన కళ్లు అవి. పైగా వాడు చెప్పింది నిజమే, 1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి తొలి మనిషి గగారిన్‌ను తీసుకెళ్లిన వోస్తోక్ రాకెట్‌కు నిజంగానే చుట్టూ నాలుగు బూస్టర్లున్నాయి. కానీ దాని రూపాన్ని సోవియట్ ప్రభుత్వం దాచిపెట్టింది. 1967 పారిస్ ఎయిర్ షోలో గానీ జనం దాన్ని చూడలేదు. అందుకే ఆ నడుమ వచ్చిన పోస్టర్లలో రాకెట్ అంటే సూది ముక్కు, తోక దగ్గర రెక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన వి-2 రాకెట్‌ను చూసిన జనానికి రాకెట్ అంటే ఆ ఆకారమే. గీసినాయన చూడనిదాన్ని ఊహించి గీశాడు. ఆ ఊహను మీరు దిద్దకండి, రెక్కలు రెక్కలుగానే ఉంచండి.

స్పుత్నిక్ అలా కాదు. దాని ఫోటోలు 1957 అక్టోబరులోనే లోకమంతా చూసింది కాబట్టి పోస్టర్‌లోనూ కొలత సరిగ్గానే ఉంది. గోళం 58 సెంటీమీటర్లు, నాలుగు యాంటెన్నాలలో పొడవైనవి 2.9 మీటర్లు, అంటే గోళానికి అయిదింతలు. మీరు 2 సెంటీమీటర్ల బంతి గీస్తే వాటి పొడవు 10 సెంటీమీటర్లు రావాలి. చాలామంది దీన్ని పొట్టిగా గీస్తారు, అప్పుడది కాళ్లున్న లడ్డూలా కనిపిస్తుంది.

అక్షరాలకు ఇంకు లేదు, నీలంలో వదిలేసిన కాగితమే అక్షరం. ‘అంతరిక్షంలోకి’ అని రాసుకున్నామనుకోండి. అక్షరాలను విడి కాగితపు ముక్కలుగా కోసి ఆకాశం ఖాళీలో పేర్చాలి. సున్నా కోసేటప్పుడు లోపలి గుండ్రాన్ని కూడా తీసేయండి, లేకపోతే తెల్ల బిళ్ల మిగులుతుంది. ముక్కలు జారతాయని టెన్షన్ పడకండి. మొదటిసారి ఇంకు లాగగానే ఆ తడికి గుడ్డకు అతుక్కుంటాయి.

కోసే ముందు ఒక పని: మూడు కాగితాలనూ ప్లస్ గుర్తులు కలిసేలా పేర్చి, పొద్దున పూట కిటికీ అద్దానికి ఆనించి చూడండి. రాకెట్ చుట్టూ పెన్సిలు నలుపు రెండు పొరలుగా సన్నటి అంచులా కనబడాలి. ఎక్కడైనా వెలుతురు గీతలా వస్తుంటే అక్కడ ఇంకో మిల్లీమీటరు నింపండి. నాలుగో పాఠానికి స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ), పాత న్యూస్‌పేపర్లు సిద్ధంగా ఉంచుకోండి.