పిల్లి గోళ్లు కత్తిరించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పిల్లి సోఫాను గీరడం అల్లరి కాదు. పాత గోటి పొరను రాల్చుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పాదాల్లోని గ్రంథుల వాసనతో ఆ చోటు తనదని తెలపడానికి అది గీరుతుంది. గోళ్లు కత్తిరించినంత మాత్రాన ఆ అలవాటు పోదు. కాబట్టి కొబ్బరి పీచు తాడు బిగించి చుట్టిన, కదలని కొయ్య స్తంభాన్ని, పిల్లి నిలువునా సాగినా సరిపోయేలా సుమారు 3 అడుగుల ఎత్తున, అది పడుకునే చోటికి దగ్గరగా ముందే నిలపాలి. నెల్లూరు ఇళ్లలో అపురూపంగా దాచుకునే వెంకటగిరి జరీ చీరలను ఆ గదిలో దండెం మీద ఆరవేయకూడదు. గోటికి ఒక్క పోగు చిక్కినా చాలు.

పిల్లి తిని కునుకు తీసే వేళను ఎంచుకుని, వెలుతురు పడే కిటికీ పక్కన కూర్చోవాలి. వేలి మెత్తను మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. అందులో గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి గనుక, దానికి 2 మిల్లీమీటర్ల ఎడంగా తెల్లని కొనను మాత్రమే కత్తిరించాలి. ముందు కాళ్ల లోపలి వైపు, కాస్త పైన ఉండే గోరు అరగదు. వదిలేస్తే వంకర తిరిగి మెత్తలోకే దిగుతుంది. అన్ని గోళ్లూ ఒకే పూట పూర్తి చేయాలన్న పట్టుదల అనవసరం. రక్తం వస్తే అద్దడానికి మొక్కజొన్న పిండిని చేతికి అందేలా ఉంచుకోవాలి.

గోళ్లను శాశ్వతంగా తీయించే ఆలోచన వద్దు. అది వేలి చివరి ఎముకను కోసివేయడమే.

మీకు గోరు గీసుకుంటే, చిన్న గీతే అయినా, సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యులను కలిసి రేబిస్ టీకా గురించి అడగాలి.