బరువు తగ్గే ఆపరేషన్‌కు వెళ్తున్నారా? రక్తం గడ్డల విషయంలో ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఒడిశాలోని రాయగడ నుంచో, పర్లాకిమిడి నుంచో విశాఖ వెళ్లి స్లీవ్ (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి గొట్టంలా చేయడం) గానీ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు కలపడం) గానీ చేయించుకోబోయేవాళ్లకు రక్తం గడ్డల భయం ఉండటం సహజమే. కాలి సిరలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరడం ఈ ఆపరేషన్ తర్వాత జరిగే మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. అయితే నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికే గడ్డలు కడతాయి. అందులోనూ ఎక్కువ మందికి ఆస్పత్రిలో కాదు, ఇంటికి వచ్చేశాక మొదటి నెలలో. కాబట్టి ఆపరేషన్ రోజు కంటే ఆ నెల గురించే ఎక్కువ ఆలోచించాలి.

మొదటి కన్సల్టేషన్‌లోనే డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అడక్కపోయినా చెప్పండి. గతంలో మీకు గానీ రక్తసంబంధీకులకు గానీ కాలిలో, ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చిందా? కాళ్లలో నరాలు ఉబ్బి, చీలమండల దగ్గర చర్మం నల్లబడిందా? నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా? వయసు అరవై దాటినా, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 50 దాటినా ప్రమాదం పెరుగుతుంది.

కోరాపుట్, రాయగడ జిల్లాలవాళ్లు, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ తెలుగువాళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశంలో వచ్చే జబ్బు) పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఈ ప్రాంతాల్లో ఆ జన్యువు ఎక్కువ. జబ్బు లేకుండా అమ్మ నుంచో నాన్న నుంచో ఆ జన్యువు ఒక్కటి మాత్రమే వచ్చినవాళ్లకూ ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టే అవకాశం మామూలు కంటే ఎక్కువే. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఊళ్లలో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మీకు కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి, మత్తు డాక్టరుకూ చూపించండి.

గర్భం రాకుండా వేసుకునే ఈస్ట్రోజన్ మాత్రలను సాధారణంగా నెల ముందు ఆపిస్తారు. డాక్టరును అడిగి, బదులుగా కండోమో కాపర్-టీయో కుదుర్చుకున్నాకే ఆపండి. ఆస్పిరిన్ లాంటి గుండె మందులను మాత్రం సొంతంగా మానకండి. బీడీ, చుట్ట కనీసం ఆరు వారాల ముందే మానాలి. పొద్దున్నే పళ్లకు రుద్దుకునే గుడాకు కూడా పొగాకే. చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు, అడిగినా చెప్పరు.

ఇక సూదుల సంగతి. గడ్డ కట్టకుండా ఇచ్చేది ఎక్కువగా ఎనాక్సాపరిన్. మీ బరువు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) చూసి మోతాదు నిర్ణయిస్తారు. ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఇంటికెళ్లాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు రాస్తారు. మీకు ఎన్ని రోజులో ఆపరేషన్‌కు ముందే అడిగి, మొత్తం సూదులు విశాఖలోనే కొనుక్కోండి. ఊళ్లో దొరక్క రెండు రోజులు తప్పిపోతే పెట్టుకున్న ప్రయోజనం పోతుంది. ఇంట్లో వేసేవాళ్లు నర్సు ముందు ఒకసారి వేసి చూపించాలి. బొడ్డుకు మూడు వేళ్ల దూరం వదిలి, ఆపరేషన్ గాట్లకు దూరంగా, చర్మాన్ని మడతగా పట్టుకుని సూదిని నిటారుగా పూర్తిగా దింపాలి. సిరంజిలోని గాలి బుడగను బయటికి తోయకూడదు, తోస్తే మందు కూడా పోతుంది. మందు మొత్తం ఎక్కాకే మడత వదలాలి. తర్వాత రుద్దితే నల్లగా కములుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకరోజు కుడివైపు, మరుసటి రోజు ఎడమవైపు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు కొని మింగకండి, అల్సర్ పడి రక్తం పోతుంది.

డిశ్చార్జ్ అయిన రోజే ఇంటికి బయలుదేరకండి. వీలైతే నాలుగైదు రోజులు ఆస్పత్రి దగ్గరే గది తీసుకోండి. రైలైతే దారి పక్క సీటు తీసుకుని గంటకోసారి బోగీలో అటూ ఇటూ నడవండి. సాలూరు ఘాట్ మీదుగా కారులో వెళ్తే గంటకోసారి దిగి ఐదు నిమిషాలు నడవాలి. కూర్చున్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే పిక్కల్లో రక్తం నిలవదు.

ఇంట్లో పెద్దవాళ్లతో ఒక మాట ముందే మాట్లాడుకోవాలి. బాలింతకు చేసినట్టు మంచం దిగనివ్వకుండా, నీళ్లు తగ్గించి చూసుకుంటామంటే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. ఆపరేషన్ రోజు సాయంత్రమే నడిపిస్తారు. ఇంట్లోనూ మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి నడవాలి. నీళ్లు ఒక్కసారి 30 మి.లీ. చొప్పున గుక్కలుగా, రోజు మొత్తానికి లీటరున్నర దాటేలా చూసుకోండి. స్లీవ్ తర్వాత నీళ్లు చాలక కాలేయానికి వెళ్లే సిరలోనే గడ్డ కట్టడమూ ఉంది. రెండో మూడో వారంలో తగ్గని కడుపునొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకోకండి.

ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే నూనె మర్దన చేయకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కూర్చున్నా తగ్గకుండా నిమిషానికి 120 దాటిన నాడి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో ముందు ఈ మూడూ చెప్పాలి: ఏ ఆపరేషన్, ఏ తేదీన, చివరి సూది ఎప్పుడు వేశారో. ఈ వివరాలు ఒడియాలో రాసిన కాగితం ఒకటి, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ ఒకటి పర్సులో ఉంచుకోండి. రాత్రిపూట మీ తరఫున మాట్లాడేవాళ్లకు భాష రాకపోయినా పని ఆగదు.