"నాకు బొమ్మలు రావు" అనేవాళ్లకు డ్రాయింగ్ నేర్పడం: సమస్యలు, పరిష్కారాలు

అనంతపురంలో మా ఇంటి వసారాలో ఆదివారం పూట కొందరు బొమ్మలు నేర్చుకోవడానికి వస్తారు. ఆరేళ్ల పిల్లలుంటారు, వాళ్లను దింపడానికి వచ్చి తామూ కూర్చుండిపోయిన అమ్మలుంటారు. వయసులు వేరైనా చిక్కులు దాదాపు ఒకటే. చెయ్యి తిరగకపోవడం వల్ల చెడిన బొమ్మలు నేను చూసింది తక్కువ. కన్ను సరిగా చూడకముందే చెయ్యి గీసేయడం వల్ల చెడినవే ఎక్కువ.

కాగితం ముందు పెట్టుకుని గీత వెయ్యరు, వేసినా ఓ మూలన చిన్నగా వేస్తారు

దీనికి కారణం భయం. తెల్ల కాగితం పాడైపోతుందేమో, పక్కవాళ్లు చూస్తారేమో అని. ఖరీదైన స్కెచ్ బుక్ కొనిస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. మొదటి నెల దాన్ని కొనకండి. పాత న్యూస్ పేపరు, బొగ్గుముక్క చాలు. పలకా బలపం ఉంటే మరీ మంచిది, పలక మీద చెరిపేయడం ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఒకామె "నాకు అడ్డగీత కూడా తిన్నగా రాదు సార్" అంది. "పొద్దున మీ వాకిట్లో ముగ్గు ఎవరు వేశారమ్మా?" అని అడిగాను. "నేనే" అంది. చుక్కలు పెట్టి, వంగి, వేళ్ల సందున పిండి జారుస్తూ, మెలికల ముగ్గును మధ్యలో ఆపకుండా తిప్పగలిగిన చెయ్యి అది! కాగితం తీసేసి సుద్దముక్క ఇచ్చి, వసారాలో పరిచిన నల్లటి కడప బండల మీద చెంబు గీయమన్నాను. బండకు బండంత చెంబు గీసింది. ఆమె కాగితం మీదికి రావడానికి మూడు వారాలు పట్టింది, నేను తొందరపెట్టలేదు.

గీత పీచుపీచుగా వస్తుంది

పెన్సిల్‌ను రాసేటప్పటిలా ములుకు దగ్గర బిగించి పట్టుకుంటే మణికట్టు ఒక్కటే కదులుతుంది. అందుకే చిన్నచిన్న ముక్కల్ని అతికించినట్టుంటుంది గీత. పెన్సిల్‌ను ఇంకాస్త వెనక్కి పట్టుకుని, మోచేతినీ భుజాన్నీ కదపమనండి. గీసే ముందు అదే దారిలో గాల్లో రెండుసార్లు తిప్పమనండి. ఆ తర్వాత ఒక్క ఊపులో వెయ్యాలి.

పెన్సిల్ సంగతి కూడా చూసుకోవాలి. స్కూల్లో వాడే హెచ్‌బీతో నల్లగా రావాలని ఒత్తితే కాగితంలో గాడి పడుతుంది, రబ్బరుతో రుద్దినా ఆ గాడి పోదు. 2బీ, 4బీ మెత్తగా ఉంటాయి, తేలిగ్గా ఆనించినా నల్లగా పడతాయి. రబ్బరు మాత్రం మొదటి అరగంట నా జేబులోనే ఉంటుంది. తప్పు గీత పక్కనే సరైన గీత వేసుకోమంటాను. తప్పు కళ్లెదుటే ఉంటేనే ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఏం గీయమన్నా అదే సీనరీ

రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ఇది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పిల్లలు ఇక్కడ చూసిన కొండను గీయట్లేదు, 'కొండ' అనే గుర్తును గీస్తున్నారు. అక్షరం నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకున్నారు. మన సీమలో గుట్టలు త్రికోణాలు కావు కదా! ఎవరో గుండ్రటి బండరాళ్లను కుప్ప పోసినట్టుంటాయి. పెద్ద బండ మీద చిన్నది, దాని సందులోంచి ఆకాశం.

ఆ సీనరీ గీసినందుకు కోప్పడకండి, పిల్లలు దాన్ని ఇష్టంగా నేర్చుకున్నారు. మేడ మీదికో ఊరి బయటికో తీసుకెళ్లి ఒకే ఒక్క బండను చూపించండి. కాగితం వైపు చూడకుండా, కన్ను బండ అంచు మీద చీమలా నెమ్మదిగా పాకాలి, పెన్సిల్ కూడా అంతే నెమ్మదిగా కదలాలి. బొమ్మ వంకరటింకరగా వస్తుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు. కానీ ఆ వంకరల్లో పగులు, గుంట, ఒరిగిన అంచు అన్నీ ఉంటాయి. రెండో విడతలో బండల మధ్య కనిపించే ఆకాశం ముక్కల ఆకారాలు మాత్రమే గీయించండి. ఆ ముక్కలకు మనం నేర్చుకున్న గుర్తులేవీ లేవు, కాబట్టి చూడక తప్పదు.

నాలుగైదేళ్ల పిల్లల సంగతి వేరు. తలకాయ నుంచే నేరుగా కాళ్లూ చేతులూ మొలిపిస్తారు. ఆ వయసులో అది మామూలే, దిద్దకండి. "ఇదెవరు?" అని అడిగి, వాళ్లు చెప్పింది శ్రద్ధగా వినండి.

గ్లాసు గీస్తే అడుగు గీతలా చదునుగా ఉంటుంది

గ్లాసు బల్ల మీద చదునుగానే నిలబడిందని మనకు తెలుసు, తెలిసిందే గీస్తాం. స్టీలు గ్లాసును పిల్లల చేతికివ్వండి. ఒక కన్ను మూసి, గ్లాసు మూతిని సరిగ్గా కంటి ఎత్తుకు తెమ్మనండి. మూతి అంచు సన్నటి అడ్డగీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించుతుంటే ఆ గీత తెరుచుకుని కోడిగుడ్డులా అవుతుంది, ఇంకా దించితే గుండ్రమవుతుంది. ఓ పిల్లాడు దీన్ని పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, "గ్లాసు నోరు తెరుస్తోంది సార్!" అన్నాడు. అప్పటి నుంచి నేనూ అలాగే చెబుతున్నాను. అడుగు కంటికి ఇంకా కింద ఉంటుంది కాబట్టి, అక్కడి వంపు మూతి వంపుకన్నా ఎక్కువ ఉండాలి. రెండు కొనల్లో మూల తేలకూడదు, గుండ్రంగా తిరగాలి.

తల పెద్దదై, కాళ్లకు చోటు చాలదు

ఇది రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి, తలతో మొదలుపెట్టి అక్కడే ముచ్చటపడిపోవడం. రెండోది, కాగితాన్ని నేల మీద చదునుగా పరిచి గీయడం. కాగితం అవతలి కొస ఏటవాలుగా కనిపించి కురచగా అనిపిస్తుంది, చెయ్యి దాన్ని సాగదీస్తుంది. అట్టను ఒళ్లో పెట్టుకుని బల్ల అంచుకు ఆనించి నిలబెడితే రెండోది పోతుంది.

మొదటిదానికి లేపాక్షి నందిని మించిన పాఠం లేదు. ఏకశిలలో చెక్కిన ఆ నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. పక్కనుంచి గీసేవాళ్లు ముందుగా ఎత్తుకు దాదాపు రెండింతల పొడవున్న పెట్టె ఒకటి లేతగా గీసుకోవాలి. నంది అందులోనే పట్టాలి. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో తల పొడవు కొలిచి, ఒంటికి అలాంటివి ఎన్ని పడతాయో లెక్కపెట్టమనండి. మెడలోని గంటల దండ జోలికి అప్పుడే పోనివ్వకండి.

మనిషి ముఖంలో కళ్లు నుదుటి మీదికి ఎక్కిపోయేదీ కొలవకపోవడం వల్లే. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. అద్దం ముందు నిలబెట్టి వేళ్లతో కొలిపించండి.

బాగా గీస్తున్న పిల్ల హఠాత్తుగా మానేస్తుంది

ఇంట్లో ఎవరో ఆ పిల్ల చేతిలోంచి పెన్సిల్ లాక్కుని "ఇలా గీయాలి" అని ఆ కాగితం మీదే దిద్ది ఉంటారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ బొమ్మ ఇక ఆ పిల్లది కాకుండా పోతుంది. చూపించాలనుకుంటే మీ కాగితం మీద గీసి చూపించండి. పాత బొమ్మల మీద వెనకవైపు తేదీ వేసి ఒక అట్టపెట్టెలో దాచండి. మానేసిన పిల్లకు ఆ పెట్టె ఇచ్చి పక్కన కూర్చోండి, పెన్సిల్ తీసుకోమని అడగకండి.