పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు: ముందు డిఫరెన్షియల్ విప్పే ముందు

ట్రక్కు ముందు వైపు నుంచి మోత రాగానే డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు ముందు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) పోయిందని దాని హౌసింగ్ విప్పేయకండి. లోపలి ప్రధాన గేర్లయిన క్రౌన్ వీల్, పినియన్‌లను మళ్లీ సరైన కొలతలో కూర్చోబెట్టడం చిన్న పని కాదు. బయటి నుంచి తేల్చుకోగలిగినవి ముందు తేల్చుకోండి.

ఫోర్ వీల్‌లో వేసినా ముందు చక్రాలు లాగడం లేదు

వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టండి. ఉత్త జాకీని నమ్మి కింద దూరొద్దు. ఇంజిన్ ఆపి, ఫోర్ వీల్‌లో వేసి, హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపే భాగాలు) లాక్ చేసి, ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. మామూలు డిఫరెన్షియల్ అయితే రెండో చక్రం ఎదురు దిశలో తిరగాలి.

చక్రం తిరిగినా లోపలి యాక్సిల్ షాఫ్ట్ కదలకపోతే హబ్ పట్టుకోవడం లేదు. చాలాసార్లు పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. విప్పి, శుభ్రం చేసి, పలుచగా కొత్త గ్రీజు రాస్తే చాలు. డిఫరెన్షియల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగిపోతుంటే తప్పు ట్రాన్స్‌ఫర్ కేసుది, అంటే ముందు వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ పెట్టెది. యాక్సిల్ షాఫ్ట్ తిరుగుతోంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలడం లేదు, అయినా రెండో చక్రంలో చలనం లేదంటే, ముందు ఆ వైపు హబ్ చూడండి. కొన్ని ట్రక్కుల్లో యాక్సిల్‌ను మధ్యలో కలిపి విడదీసే ఏర్పాటు వాక్యూమ్‌తో పనిచేస్తుంది. అలాంటిదైతే ఇంజిన్ నడుస్తుండగా, ఫోర్ వీల్‌లో ఉంచి, దాని దగ్గరి గొట్టాలు ఒక్కొక్కటి ఊడదీసి వేలు పెట్టండి. ఏ గొట్టంలోనూ పీల్చడం తెలియకపోతే చాలాసార్లు ఎక్కడో రబ్బరు పగిలి ఉంటుంది. అలాగైతే పగిలిన గొట్టం మారిస్తే చాలు.

కూత, గరగర

ముందు గేర్ ఆయిల్ మట్టం చూడండి. తక్కువైతే నింపి మళ్లీ నడపండి. చేత్తో లాక్ చేసే హబ్‌లుంటే మంచి పరీక్ష ఒకటుంది. హబ్‌లు విడిపించి టూ వీల్‌లో నడపండి. అప్పుడు ముందు డిఫరెన్షియల్ తిరగదు. అయినా మోత అలాగే ఉంటే అది వీల్ బేరింగ్ కావచ్చు, టైరు కావచ్చు. హబ్ లాక్ చేస్తేనే వస్తూ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా కూస్తే పినియన్ బేరింగ్‌ను, గేర్ల కాటును (పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చునే తీరును) అనుమానించాలి. పినియన్ ఫ్లాంజ్‌ను (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే చోటును) పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. అలా అస్సలు ఆడకూడదు. గుండ్రంగా తిప్పినప్పుడు కాస్త ఆట ఉండటం మామూలే. గేర్ల మధ్య ఆట సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్ చెప్పిన అంకే చివరి మాట.

గేర్‌లో వేయగానే ఠక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి క్రాస్ జాయింట్ చూడండి. మలుపులో టకటకమంటే యాక్సిల్ జాయింట్.

ఎండిన తారు రోడ్డు మీద స్టీరింగ్ బిగుసుకుంటోంది

ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు ఇది లోపం కాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో, అంటే అవసరమైనప్పుడే వేసుకునే రకంలో, ఆ తేడా సర్దే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. పొడి రోడ్డు మీద టూ వీల్‌కు మారండి. తిన్నగా వెళ్తున్నా బిగుస్తుంటే మాత్రం నాలుగు టైర్ల సైజు, ముందు వెనక గేర్ రేషియో ఒకటేనా చూడాలి.

ఆయిల్ కారుతోంది

పినియన్ సీల్ మార్చే ముందు బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి వెళ్లే దారి) చూడండి. అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీల్ నుంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయని అర్థం. దాన్ని పూర్తిగా తీసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు పోయండి. పాత ట్రక్కుల్లో ఎక్కువగా జీఎల్-5, 80డబ్ల్యూ-90 ఉంటుంది. నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింది ప్లగ్ విప్పండి. ఆ ప్లగ్‌కుండే అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే భయం లేదు. రేకులు, పళ్ల ముక్కలు దొరికితే బండిని నడపొద్దు, ఇక హౌసింగ్ విప్పాల్సిందే.

సీల్ మార్చక తప్పకపోతే పినియన్ నట్ ఎక్కడుందో గీత గీసి గుర్తు పెట్టుకుని, తిరిగి అక్కడికే బిగించండి. చాలా బళ్లలో దాని వెనక నలిగే స్లీవ్ ఉంటుంది. ఎక్కువ బిగిస్తే బేరింగ్ మీద భారం పెరుగుతుంది, నట్ వదులు చేసినా స్లీవ్ వెనక్కి రాదు.