ఫలితాల సీజన్‌లో ట్రేడింగ్ – 4వ పాఠం: ఆ రాత్రికి ఎన్ని షేర్లు ఉంచుకోవాలి?

పోయిన పాఠంలో స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు మించకుండా షేరు అమ్మేయాల్సిన ధర) ఎక్కడ పెట్టాలో, దాన్నిబట్టి ఎన్ని షేర్లు కొనాలో లెక్క వేశాం. కంపెనీ త్రైమాసిక ఫలితాలు వచ్చే రోజు ఆ లెక్క పనిచేయదు. ఎందుకో చూద్దాం.

2023 ఏప్రిల్ 13, గురువారం. మార్కెట్ మూశాక ఇన్ఫోసిస్ ఫలితాలు వచ్చాయి. కొత్త ఆర్థిక సంవత్సరంలో ఆదాయం 4 నుంచి 7 శాతమే పెరుగుతుందని కంపెనీ చెప్పింది. మార్కెట్ అంతకంటే ఎక్కువే ఆశించింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు, ఆపైన శని, ఆదివారాలు. షేర్లు ఉన్నవాళ్లకు మూడు రోజులు టెన్షన్ పడటం తప్ప దారి లేదు. గురువారం దాదాపు 1,390 దగ్గర ముగిసిన షేరు సోమవారం ఒక దశలో 10 శాతానికి పైగా పడి, చివరికి 1,260 ప్రాంతంలో ఆగింది.

మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఏ రోజుకారోజు రద్దవుతుంది కాబట్టి ఒకాయన జీటీటీ (ధర తగిలేదాకా రోజుల తరబడి ఉండే ఆర్డరు) పెట్టుకున్నాడనుకుందాం. ట్రిగ్గర్, అంటే ఆర్డరును కదిలించే ధర 1,350; లిమిట్, అంటే ఒప్పుకునే కనీస ధర 1,345. సోమవారం ధర ఈ రెండింటికీ బాగా కిందే మొదలైంది. ట్రిగ్గర్ అయింది, ఆర్డరు ఎక్స్ఛేంజికి వెళ్లింది. కానీ 1,345కి తక్కువైతే అమ్మొద్దని చెప్పింది ఆయనే కదా! ఆర్డరు పెండింగ్‌లో కూర్చుంటుంది, ధర కింద ఆడుతుంటుంది. లిమిట్ లేకుండా పెట్టి ఉంటే అమ్ముడుపోయేది, అదీ ఆ కింది ధరకే.

ఫలితాలు బాగుంటాయని నమ్మకం ఉంటే? 2024 జనవరి 16న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ లాభం ఏడాది క్రితంకంటే 33 శాతం పెరిగిందని ప్రకటించింది. గృహరుణాల కంపెనీ హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ బ్యాంకులో విలీనం కావడం వల్ల ఆ పోలిక సూటిగా కుదరదు, అది వేరే సంగతి. మర్నాడు షేరు 8 శాతానికి పైగా పడింది. డిపాజిట్లు, మార్జిన్ల (వడ్డీ రాబడిలో ఖర్చు పోగా మిగిలేది) మీద అనుమానం లాభం అంకెను మింగేసింది. అంకె సరిగ్గా ఊహించినవాడు కూడా దెబ్బ తిన్నాడు. అందుకే దిశ ఊహించడం ఈ పాఠంలో నేర్పను. మన చేతిలో ఉన్నది షేర్ల సంఖ్య ఒక్కటే.

మీ పెట్టుబడి 5 లక్షలు, ఒక ట్రేడులో పోగొట్టుకోగలిగింది 1 శాతం, అంటే 5,000 అనుకోండి. 1,390 షేరుకు 40 రూపాయల దూరంలో స్టాప్‌లాస్ పెడితే మామూలు రోజున 125 షేర్లు కొనొచ్చు. అవే 125 షేర్లు ఆ వారాంతం ఉంచుకుంటే, 130 రూపాయల పతనానికి నష్టం 16,250. అనుకున్నదానికి మూడు రెట్లు దాటింది. ఫలితాల రాత్రికి 40 స్థానంలో గ్యాప్, అంటే ముగింపు ధరకూ తర్వాతి ప్రారంభ ధరకూ మధ్య తేడా అంచనా వేయాలి. 10 శాతం, అంటే 139 అనుకుంటే 5,000ని 139తో భాగించండి. 35 షేర్లు. మిగతా 90 షేర్లు మధ్యాహ్నం మూడున్నరలోపు అమ్మేయడమే.

గ్యాప్ అంచనాకు గత ఎనిమిది త్రైమాసికాలు చూడండి. ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి) సైట్లో ప్రకటన తేదీతో పాటు సమయం కూడా ఉంటుంది, అది ముఖ్యం. మూడున్నర తర్వాత వస్తే ఆ రోజు ముగింపుకూ మర్నాటి ప్రారంభానికీ తేడా రాసుకోవాలి. మార్కెట్ నడుస్తుండగా వస్తే ఆ నిమిషం నుంచి చూడాలి. కొన్ని బ్యాంకులు శనివారం ప్రకటిస్తాయి, వాటికి శుక్రవారం ముగింపే ఆధారం. సగటు తీయొద్దు, అన్నిటికంటే పెద్ద తేడానే తీసుకోండి. ఎనిమిదిసార్లూ ప్రశాంతంగా ఉన్న కంపెనీ అయినా నేనైతే 8 శాతం కంటే తక్కువ అనుకోను.

ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి కొనుగోలు, అమ్మకం ఒప్పందాలు) ఉన్నవాళ్లకు ఈ సర్దుబాటు కుదరదు. వాటిలో షేర్లు లాటు అనే నిర్ణీత గుత్తగానే ఉంటాయి, ఒక లాటును సగానికి కోయలేం కదా. లాటు మొత్తానికి లెక్క వేసి, నష్టం పరిమితి దాటుతుంటే బయటికి రావాలి. పదేళ్లకని కొని పెట్టుకున్న షేర్లకు ఈ పాఠంతో పని లేదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక షేరు తీసుకోండి. తర్వాతి బోర్డు మీటింగ్ తేదీ ప్రకటించారేమో ఎక్స్ఛేంజి సైట్లో చూడండి. ప్రకటించకపోతే త్రైమాసికం ముగిశాక 45 రోజులు, మార్చి ఫలితాలకైతే 60 రోజులు గడువని గుర్తుపెట్టుకోండి. ఎనిమిది గ్యాపులు రాసి, ఎన్ని షేర్లు ఉంచుకోవచ్చో తేల్చండి. 5వ పాఠంలో పుట్ (నిర్ణీత ధరకు షేరు అమ్మే హక్కు) కొని ఆ రాత్రి గడపొచ్చా, ఫలితాలు రాగానే ప్రీమియం (ఆ హక్కు ధర) ఎందుకు కరిగిపోతుందో చూద్దాం. అప్పుడు ఈ కాగితం పక్కన ఉండాలి.